ఆదివారాలు మాత్రం సరిగ్గా

కొత్తపాలెంలో సెల్‌ఫోను లేని ఇల్లు లేదు. కొన్నిళ్లలో మనిషికొకటి ఉంది. అయినా మిరపకోతల రోజుల్లో ఆ పాలెం నిద్ర లేచేదీ, క్యారేజీ సర్దుకునేదీ, ఆటో ఎక్కేదీ చర్చి గంట విని. నవ్వకండి. దీని వెనక పెద్ద రభసే ఉంది. ఒకామె అలారం మోగలేదనేది, ఇంకొకామె ఛార్జింగు అయిపోయిందనేది, మరొకామె ఫోను పిల్లాడు తలకింద పెట్టుకుని పడుకున్నాడనేది. ముందెక్కినవాళ్లు రానివాళ్ల కోసం చలిలో వణుకుతూ కూర్చుని, చేలోకి దిగాక ఒకళ్లనొకళ్లు దుమ్మెత్తిపోసుకునేవాళ్లు. విసిగిపోయిన కూలిముఠా మేస్త్రి ఎలీసమ్మ ఒక ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి కట్టుబాటు పెట్టింది. మొదటి గంటకి లేవాలి, రెండో గంటకి ఆటో కదలాలి. ఫోనులో ఎంతైందన్నది ఎవరికీ అక్కర్లేదు. గంట అందరి చెవుల్లోనూ ఒకేసారి పడుతుంది కాబట్టి సాకులకి చోటు లేదు. ఇలాంటి చిన్న విషయాల్లో మన పల్లెలు ఏ అసెంబ్లీకీ తీసిపోవు.

ఆ గంట కొట్టే మనిషి మార్కు. చర్చి ఊడవడం, చాపలు పరవడం, తాళం తియ్యడం, తాళం వెయ్యడం, గంట కొట్టడం, ఇవన్నీ పెళ్లయిన నాటినుంచీ ఆయనవే. భార్య సువార్తమ్మ పోయి ఆరేళ్లయింది. కూతురు ఆరాధన, అల్లుడు ఏసుబాబు ఆయన దగ్గరే ఉంటారు. ఆరాధన ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడుతుంది. ఏసుబాబుకి ఆటో ఉంది. పొద్దున్నే మార్టూరు డెయిరీకి పాలక్యాన్లు చేరేసి వచ్చి, రెండో గంటకి ఎలీసమ్మ ముఠాని ఎక్కించుకుని మిరపచేలకి దింపుతాడు.

చర్చిలో వేదిక పక్క గోడకి ఎర్ర అంకెల గడియారం ఉంది. పళ్లెం కన్నా పెద్దది. చర్చికి కొత్త శ్లాబు వేసినప్పుడు ఈ పాలెంలోనే పుట్టి హైదరాబాదులో స్థిరపడిన ఒక పెద్దమనిషి కానుకగా ఇచ్చాడు. ఇస్తూ, కరెంటు పోయినా దీని టైము పోదని, లోపల బ్యాటరీ ఉందని, అందరూ వినేలా మైకులో చెప్పాడు కూడా. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కూడా మార్కుకి ఫోనులో అంకెలు ఆనవు. ఈ ఎర్ర అంకెలు మాత్రం గుమ్మంలో నిలబడినా కనిపిస్తాయి. ఆ గడియారం వచ్చిన రోజు ఆయన తనకోసమే ఎవరో తెచ్చిచ్చినట్టు మురిసిపోయాడు.

ఈ ఏడు కోతలు మొదలైనప్పటినుంచీ గంట తప్పుతోంది. ఒకరోజు కాస్త ఆలస్యం, ఒకరోజు బాగా ఆలస్యం. ఆడవాళ్లు క్యారేజీలు ఒళ్లో పెట్టుకుని అరుగుల మీద కూర్చుంటున్నారు. ఏసుబాబు ఆటో వీధి మొదట్లో ఆపుకుని ఫోను వంకా చర్చి వంకా చూస్తున్నాడు. గంట మోగకుండా హారన్ కొడితే కట్టుబాటు తప్పినట్టు. ఒకటి రెండుసార్లు వాడు చర్చిలోకి పరుగెత్తుకెళ్లి, "మావయ్యా, ఇంకెప్పుడు?" అని అడిగాడు. మార్కు గోడ మీద గడియారం చూపించి, "ఇంకా ఉందిగా బాబూ" అన్నాడు. ఏసుబాబు తన ఫోను చూశాడు, గడియారం చూశాడు. గడియారం వెనకబడి ఉంది.

"సరిచెయ్యడం మర్చిపోయినట్టున్నావు మావయ్యా."

"నిన్న పొద్దుగూకేటప్పుడేగా చేశా! దారిన పోయేవాళ్లని టైము అడిగి నేనే బటన్లు నొక్కా."

నొక్కానన్నాడు గానీ, నొక్కిన గుర్తు గడియారంలో లేదు. ఆయన అప్పటికప్పుడు మళ్లీ సరిచేసేవాడు. దాంతో పగలు ప్రార్థనకి వచ్చినవాళ్లకి, చర్చి పంపు దగ్గర నీళ్లకి వచ్చినవాళ్లకి గడియారం నిక్షేపంలా కనిపించేది. ఇక తప్పెవరిదో తేల్చడానికి పాలెంలో పంచాయితీ కూడా అవసరం లేకపోయింది. గడియారం బానే ఉంది, మార్కే బాగా లేడు.

చివరికి ఎలీసమ్మే ఇంటి మీదికొచ్చింది. చలికి నెత్తిన తువ్వాలు చుట్టుకుని, వాకిట్లోనే ఒంటికాలి మీద లేచింది.

"ఏమే ఆరాధనా, మీ నాన్న నన్ను బతకనిస్తాడా లేదా? రైతు రామాంజనేయులుగారు రెండో కోతకి పక్కూరి ముఠాని పిలిపించుకున్నాడు. మీ ఆడంగులు పొద్దెక్కినాక వస్తారు, ఎండలో కాయ కోస్తే బరువు తగ్గుద్దంటాడు. ఆయన్నేమనాలి? గంటా కట్టుబాటూ పెట్టింది నేనేగా! ఇప్పుడు పాలెం అంతా నన్ను పీక్కుతింటున్నారు."

"అత్తా, నాన్న రోజూ సరిచేస్తున్నాడే…"

"చేస్తే గడియారం దానంతటదే వెనక్కి నడిచిందా?" ఎలీసమ్మ గొంతు తగ్గించింది. ఆమెకి మార్కు అంటే గౌరవమే, సొంత అన్నలా చూసేది. "అన్నకి వయసొచ్చిందమ్మా. తప్పేముంది? చర్చి కమిటీవాళ్లు నెలాఖరునుంచి ఇంకొకళ్లని చూస్తామంటున్నారు. మీరే ముందు తాళాలు అప్పజెబితే మర్యాదగా ఉంటది."

ఆమె వెళ్లాక ఆరాధన మిషను ముందు కూర్చుంది గానీ సూదిలో దారం ఎక్కించలేకపోయింది. ఆమె భయం గంట గురించి కాదు, కమిటీ గురించీ కాదు. అవి పోతే పోనీ. ఆమె భయం వాళ్ల తాత. మార్కు తండ్రి చివరి రోజుల్లో పత్తిచేలో కూర్చుని అదే ఇల్లనుకుని, ఎవరు వెళ్లి పిలిచినా తలుపు తియ్యనని కేకలేసేవాడు. కొడుకుని పాలేరనుకున్నాడు. మనవరాలికి రోజూ కొత్త పేరు పెట్టేవాడు. పరికిణీ కట్టుకునే వయసులో ఆయనకి అన్నం కలిపి పెట్టింది ఆరాధనే. ముద్ద నోట్లో పెట్టుకుని దాన్ని మింగాలన్న సంగతి మర్చిపోయి ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్న ఆ కళ్లు ఆమెకి ఇప్పటికీ గుర్తే. ఆ కళ్లు మళ్లీ ఈ ఇంట్లో చూడలేననుకుంది. దేవుడితో కూడా అదే చెప్పుకుంది, కొంచెం దబాయింపుగానే.

ఆ సాయంత్రం మార్కు నులకమంచం మీద కూర్చుని తాళాలగుత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఇవి పాస్టరుగారికి ఇచ్చేద్దాం."

"ఎందుకు నాన్నా?"

"సరిచేశాననే అనుకుంటున్నా. వేలితో నొక్కినట్టూ గుర్తే, అంకెలు మారినట్టూ గుర్తే. పొద్దున పోయి చూస్తే మారలేదు. అంటే చెయ్యంది చేసినట్టు గుర్తుంటోంది నాకు." ఆయన తాళాలగుత్తిని వేళ్లతో తడిమాడు. "మా నాయనకీ ఇట్టాగే మొదలైందే. నాకు తెలుసు. నాకు చెప్పకుండా దాస్తున్నారు మీరు."

"ఏం దాస్తున్నాం? ఏం లేదు" అంది ఆరాధన కోపంగా.  నిజానికి దాస్తున్నది ఒకటుంది. పది రోజుల కింద ఒక పొద్దున మార్కు మొదటి గంట కొట్టి, ఇంటికొచ్చి, దుప్పటి కప్పుకుని పడుకుని, తెల్లారాక లేపమన్నాడు. రెండో గంట ఏసుబాబు వెళ్లి కొట్టాడు. ఆ సంగతి మొగుడూ పెళ్లాల మధ్యే ఉండిపోయింది. నిద్ర చాలక అలా జరిగిందని ఆరాధన తేల్చేసింది. ఏసుబాబు ఏదో అనబోతే ఆమె చూసిన చూపుకి వాడు నోరు మూసుకున్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఏసుబాబు ఊరికే సణిగాడు. "ఏమన్నా అను, మీ నాన్న ఆదివారాలు మాత్రం సరిగ్గా కొడతాడు. పాస్టరుగారు ఉంటారని భయం."

ఆరాధన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నిజమే, ఆదివారం గంట ఒక్కసారీ తప్పలేదు. మతిమరుపుకి ఆదివారమేదో శుక్రవారమేదో తెలుస్తుందా? తాతకి ఏ రోజైనా ఒకటే. అప్పుడే ఇంకోటీ గుర్తొచ్చింది. మొన్న గురువారం పెళ్లి ప్రార్థన ఉంటే పాస్టరుగారు ఇక్కడే ఉండిపోయారు. శుక్రవారం పొద్దున గంట సరిగ్గానే మోగింది. మార్కుని అడిగితే పాస్టరుగారు ఉన్న సంగతే తనకి తెలియదన్నాడు. మరి భయమెక్కడిది?

పాస్టరుగారు మూడూళ్లకి ఒక్కరే. శనివారం సాయంత్రం వచ్చి చర్చి వెనక గదిలో పడుకుని ఆదివారం ప్రార్థన చేయించి వెళతారు. ఆయన ఉన్న రోజుకీ లేని రోజుకీ చర్చిలో మారేదేమిటని ఆరాధన తెల్లవార్లూ ఆలోచించింది.  మర్నాడు సాయంత్రం తండ్రి గడియారం సరిచేసేటప్పుడు పక్కనే నిలబడింది. మార్కు సరిగ్గానే నొక్కాడు. ఆమె కళ్లారా చూసింది. తర్వాత తెల్లారుజామున ఆయన వెంట తనూ బయలుదేరింది.

మంచు పట్టి వీధి తడిగా ఉంది. మార్కు తాళం తీసి, గుమ్మం పక్క చెయ్యి పెట్టి, మెయిన్ స్విచ్ పైకి ఎత్తాడు. చీకట్లో ఎర్ర అంకెలు భగ్గున వెలిగాయి. ఆరాధన ఫోను తీసి చూసింది. గడియారం దాదాపు ముప్పావుగంట వెనక ఉంది.

"చూశావా? నేను చెయ్యలేదు" అన్నాడు మార్కు నీరసంగా.

"చేశావు నాన్నా! నేను చూశాగా! ఇదే ఆగిపోయింది. ఈ మెయిన్ రోజూ ఆపేస్తావా నువ్వు?"

"కమిటీ చెప్పిందిగా. పోయిన క్రిస్మస్‌కి యాంప్లిఫయరు కాలిపోయిన కాడినుంచీ తాళమేసేటప్పుడు మెయిన్ దించమన్నారు. పాస్టరుగారు పడుకునే రోజు మాత్రం దించను, ఆయన గదిలో దోమలకి వేసుకునే ఫ్యాను ఆగిపోద్ది. మొన్న గురువారం నాకు తెలీక దించితే, ఆయనే మళ్లీ ఎత్తుకుని ఉంటారు."

ఆరాధన కాళ్లు నేల మీద ఆగలేదు. అప్పటికప్పుడు ఫోను చూసి తనే తండ్రితో గంట కొట్టించి, పొద్దెక్కగానే గడియారాన్ని గోడ మీదినుంచి దింపి దుప్పట్లో చుట్టి, ఏసుబాబు ఆటోలో మార్టూరు బయలుదేరింది. దారిపొడుగునా రాళ్ల ఫ్యాక్టరీల తెల్లటి పొడి ఆకుల మీద పేరుకుని ఉంది. ఆమెకి ఆ రోజు అది కూడా అందంగానే కనిపించింది.

గౌస్ బాషా కొట్టు సెంటర్లో బస్సులు ఆగే చోట ఉంది. మిక్సీలు, యాంప్లిఫయర్లు, టీవీలు, ఏదైనా విప్పుతాడు. తిరిగి బిగించేటప్పుడు మాత్రం రెండు స్క్రూలు మిగులుతాయని ఆయన మీద ఒక అభాండం ఉంది. గడియారం వెనక మూత తీసి, రూపాయి బిళ్లంత సెల్లుని గోటితో పైకి లేపి, మీటరు తీగలు దానికి రెండువైపులా ఆనించాడు.

"మూడు వోల్టులుండాలి. మూడే ఉంది."

 సెల్లు బాగుంటే ఇంక మిగిలింది నాన్నే.

"సరిగ్గా చూడు అన్నా."

"కంగారుపడమాక అమ్మా. పనేమీ లేకుండా కూర్చోబెట్టి చూస్తే ముసలి సెల్లు కూడా మూడే చూపిస్తది. దాని నెత్తిన పని పెట్టి చూడాలి." ఆయన చిన్న ఎర్ర లైటొకటి వెతికి తీసి సెల్లుకి తగిలించాడు. లైటు ఒక్క క్షణం వెలిగి మసకబారింది. మీటరులో అంకె చూస్తుండగానే జారిపోయింది. "అదీ సంగతి. పూర్తిగా చచ్చిపోతే గొడవ లేకపోను. పొద్దున కరెంటు వెయ్యగానే పన్నెండు దగ్గర మొదలయ్యేది, మీరు ఆ రోజే పట్టుకునేవాళ్లు. ఇది కొంతసేపు నడుస్తది, తెల్లారుజాము చలికి ఆగిపోతది, కరెంటు రాగానే ఆగిన చోటునుంచి మళ్లీ నడుస్తది. ఏమీ ఎరగనట్టు ఉంటది. అందుకే మనిషి మీదికి పోద్ది అనుమానం."

"ఇంత తొందరగా అయిపోద్దా?" అన్నాడు ఏసుబాబు.

"ఎప్పుడన్నా కరెంటు పోయినప్పుడు ఆదుకోడానికి పెట్టింది బాబూ ఇది. మీరు రోజూ రాత్రంతా దీని మీదే బతికించారు. ఎంతకని లాగుద్ది?"

కొత్త సెల్లు వేసి, ప్లగ్గు పీకి, టీ తాగి వచ్చి, మళ్లీ పెట్టి చూపించాడు. సెకను కూడా తేడా లేదు. ఆరాధన ఆ కొట్లో నిలబడి పైకే నవ్వేసింది. ఎన్నాళ్లయిందో ఆమె అలా నవ్వి. పాత సెల్లుని కొంగున ముడేసుకుంది. సెంటర్లో వేడివేడి పునుగులు కట్టించుకుని, ఇంటికొచ్చి తండ్రి చేతిలో పొట్లం పెట్టి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

మార్కు పొట్లం విప్పలేదు.

"అయితే నేను సరిచేస్తానే ఉన్నానన్నమాట."

"రోజూ చేశావు నాన్నా. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు."

ఆయన తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఏడ్చి, పునుగులు తిని, మంచినీళ్లు తాగి, "అయితే అమ్మాయ్, నేను సరిచేస్తానే ఉన్నానా?" అని అడిగాడు. ఆరాధన మళ్లీ చెప్పింది. రాత్రి అన్నం దగ్గర ఇంకోసారి అడిగాడు, అప్పుడే మొదటిసారి అడుగుతున్నట్టు. ఆమె ఇంకోసారి చెప్పింది. ఏసుబాబు తలెత్తి పెళ్లాం వంక చూశాడు. "సంతోషంలే" అంది ఆమె. అలా అనుకుంటే ఆ రాత్రి నిద్ర పడుతుంది కాబట్టి అలాగే అనుకుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ లేవబోతుంటే ఆరాధన ముందుకొచ్చి నిలబడింది. మామూలుగా సంఘంలో నోరెత్తే మనిషి కాదు. కొంగు ముడి విప్పి పాత సెల్లు అరచేతిలో పెట్టి అందరికీ చూపించింది. మెయిన్ ఆపమన్నది ఎవరో, ఆదివారాలు గంట ఎందుకు తప్పలేదో, గౌస్ బాషా ఏం చెప్పాడో, ఒక్కొక్కటే విప్పి చెప్పింది. కమిటీవాళ్లు చాపల అంచులు సర్దుకుంటూ కూర్చున్నారు. "మా నాన్న మతికేం కాలేదు. ఇంకెవరన్నా ఆ మాటంటే నేనూరుకోను" అని గట్టిగా, అందరూ వినేటట్టు అంది. పాస్టరుగారు ఇకనుంచి మెయిన్ ఆపొద్దన్నారు, గడియారానికి వేరే లైను వేయిద్దామన్నారు. ఎలీసమ్మ లేచొచ్చి మార్కు రెండు చేతులూ పట్టుకుంది.

"అన్నా, నా నోరు పడిపోను. నిన్ను ఎన్ని మాటలన్నా!"

"పోన్లేమ్మా" అన్నాడు మార్కు. ఆయన మొహం వెలిగిపోతోంది. చర్చిలోంచి బయటికొస్తూ కనబడ్డ ప్రతివాళ్లకీ తనే చెప్పుకున్నాడు, రోజూ సరిచేశానని, ఒక్కరోజూ మర్చిపోలేదని. మధ్యాహ్నం ఎలీసమ్మ కోడికూర గిన్నె పట్టుకొచ్చింది. తాళాలగుత్తి మళ్లీ ఆయన మొలలోకి ఎక్కింది.

తర్వాత గంట సరిగ్గా మోగింది. రామాంజనేయులుగారు మూడో కోతకి ఎలీసమ్మ ముఠానే పిలిచాడు. గడియారం గురించిన మాటే పాలెంలో వినపడకుండా పోయింది. ఇంట్లో మాత్రం మార్కు చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు, స్నానం చేసొచ్చి మళ్లీ స్నానానికి నీళ్లు తోడమన్నాడు, పక్కింటి కుక్కని ఎప్పుడో చచ్చిపోయిన తమ కుక్క పేరుతో పిలిచాడు. ప్రతిదానికీ ఆరాధన దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది. చొక్కా చీకట్లో తొడుక్కున్నాడు. ఎండకి ఒళ్లు చిటపటలాడింది. కుక్కలన్నీ ఒకేలా ఉంటాయి. చిలకలూరిపేటలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళదామని ఏసుబాబు రెండుసార్లు అన్నాడు. రెండోసారి ఆమె వాడి మీద విరుచుకుపడింది.

"నువ్వు కూడా ఎలీసమ్మత్త లాగే మాట్లాడతావేంటి? సంఘంలో నేనేం చెప్పానో విన్నావుగా! ఇప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకుపోతే నా మొహం మీద ఉమ్మేస్తారు."

ఆ చివరి మాట నోరు జారిందని ఆమెకే తెలిసింది. వాడికీ తెలిసింది. ఏసుబాబు ఆటో తాళం తీసుకుని వెళ్లిపోయాడు.

కోతలు అయిపోయి కాయలన్నీ కల్లాలకి చేరాయి. పాలెం పక్కనే రామాంజనేయులుగారి కల్లంలో ఆడవాళ్లు ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఒకరోజు పొద్దెక్కాక, ఎండ బాగా చుర్రుమంటున్న వేళ, ఆరాధన జాకెట్టుకి చేతులు అతుకుతుంటే గంట మోగింది.

ఒక దెబ్బ. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ ఒక దెబ్బ.

పాలెంలో ఎవరన్నా పోయినప్పుడు గంట అలా కొడతారు. ఒక మోత పూర్తిగా అణిగిపోయాక గానీ రెండోది కొట్టరు. ఆ మోత వింటే చేలో ఉన్నవాళ్లు చేలోంచే, పొయ్యి దగ్గరున్నవాళ్లు పొయ్యి దగ్గరినుంచే వచ్చేస్తారు. ఆరాధన మిషను మీదినుంచి లేచి వీధిలోకొచ్చింది. అందరూ గుమ్మాల్లో నిలబడి ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు. ఎవరింట్లోనూ ఏడుపు వినపడలేదు. ఎవరికీ ఏమీ తెలియదు. గంట మాత్రం మోగుతూనే ఉంది.  ఆమె చర్చి వైపు పరుగెత్తింది.

ఆమె వెళ్లేసరికే కల్లంలోంచి ఎలీసమ్మా మిగతా ఆడవాళ్లూ వచ్చేశారు. చేతులనిండా మిరపకారం ఉండడంతో ఎవరూ మొహం తుడుచుకునే వీల్లేక, చేతులు ఒంటికి దూరంగా పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. లోపల మార్కు తాడు పట్టుకుని ఉన్నాడు. క్రిస్మస్‌కి కుట్టించిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు ఒకదాని కాజాలోకి ఇంకోటి పోయాయి. చెంపలమీద కన్నీళ్లు కారుతున్నాయి. వేదిక పక్కన ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. ఆరాధన వద్దనుకుంటూనే చేతిలో ఫోను వంక చూసింది. రెండూ ఒకటే టైము చూపిస్తున్నాయి.

"అన్నా, ఎవరు పోయారు?" అంది ఎలీసమ్మ, ముక్కుకి కట్టిన గుడ్డ కిందికి లాగి.

"మా సువార్తమ్మ" అన్నాడు మార్కు. "తెల్లారుజామున పోయింది. పిలిస్తే పలకలేదు. ఒళ్లు చల్లబడిపోయింది."

 సువార్తమ్మని సమాధి చేసిన రోజు ఆ ఆడవాళ్లలో సగంమంది మట్టి వేసినవాళ్లే. ఒకామె ఆరాధన వైపు చూసి చప్పున తల తిప్పుకుంది. సంఘంలో నిలబడి ఆమె అన్న మాటలు అందరికీ గుర్తొచ్చే ఉంటాయి. ఒక్కళ్లు కూడా ఎత్తిచూపలేదు. ఎలీసమ్మ గుమ్మంలోనే కూలబడింది.

ఆరాధన లోపలికి నడిచి తండ్రి చేతిలోంచి తాడు మెల్లగా విడిపించింది. ఆయన విడిచిపెట్టాడు. ఎదురుగా నిలబడ్డ ఆమె మొహంలోకి మర్యాదగా, ఎవరో పరాయి ఊరినుంచి పరామర్శకి వచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు. ముద్ద మింగడం మర్చిపోయిన తాతకి ఉన్నవి అవే కళ్లు.

"మీరెవరి తాలూకమ్మా? ఎండన పడి వచ్చినట్టున్నారు" అన్నాడు.  ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మీరొక సాయం చెయ్యాలమ్మా. మా అమ్మాయి ఉంది, ఆరాధనని. ఇంటికాడ మిషను కుడతా ఉంటది. దానికింకా తెలీదు. తల్లంటే ప్రాణం దానికి. ఎవరన్నా దబాల్న చెప్పేస్తే తట్టుకోలేదు. కాస్త మెల్లగా చెప్పాలి."

"చెప్పారండి" అంది ఆరాధన. "ఇప్పుడే తెలిసింది ఆమెకి."

మార్కు కళ్లు తుడుచుకున్నాడు. "అయ్యో. ఎట్టా ఉంది? ఏడుస్తోందా?"

"ఏడుస్తోందండి."